బాగున్న కళ్ళకు కట్టు

పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని, బాగున్న కళ్ళకు కట్టు కట్టడం. కళ్ళు నావి కావు, మా ఆయనవి. పాత ధోవతి చించిన పేలికను పసుపు నీళ్ళలో ముంచి, పిండి, ఆరీ ఆరకముందే ఆయన తల చుట్టూ తిప్పి వెనక ముడి వేయాలి. వదులుగా వేస్తే ‘వెలుతురు వస్తా ఉండాది’ అంటాడు. బిగిస్తే ‘తల నొస్తా ఉండాది’ అంటాడు. పెళ్ళిలో ఆయన నాకు వేసిన మూడు ముళ్ళ గురించి ఇరవై రెండేళ్ళలో నేనిన్ని ఫిర్యాదులు చేయలేదు.

నేను చెప్పబోయే రోజుకి అలా నలభై మూడు రోజులు.

నా పేరు కన్నియమ్మ. కళ్ళ జబ్బు కథ చెప్పడానికి పుట్టిన పేరు. తిరుత్తణిలో మా నేతగాళ్ళ వీధి ఈ కొసన నేను మాట్లాడితే ఆ కొసన మురుగడి కొండెక్కే యాత్రికుడు తిరిగి చూస్తాడని చెప్పుకుంటారు. వాళ్ళు పోగుకి పోగు అతుకుతారు, నేను మాటకి మాట అతుకుతాను. కుళాయి దగ్గరకు నేను బిందె పట్టుకుని వెళితే చాలు, ‘కన్నియమ్మక్క వచ్చె, ఏమన్నా చెప్పక్కా’ అంటారు. సినిమాకి టిక్కెట్టయినా కొంటారు గానీ నా నవ్వులకి ఎవరూ కూలి ఇవ్వలేదు. ఇంట్లో వండినదానికీ తోమినదానికీ కూడా ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నాకది వింతగా తోచలేదు.

ఎనభై ఒకటో సంవత్సరం ఎండల్లో మద్రాసు నుంచి రైలెక్కి వచ్చింది ఆ కళ్ళకలక. దేశదేశాలు తిరుగుతోందని రేడియోలో చెప్పారు. లోకమంతా టిక్కెట్టు లేకుండా తిరిగిన మహాతల్లి మా వీధిలో దిగి కాపురం పెట్టింది. జనం ‘మద్రాస్ ఐ’ అన్నారు. తెల్లగుడ్డు మీద నెత్తురు చిమ్మినట్టు మరకలు, రెప్పలు బూరెల్లా వాపు, తెల్లారితే అంటుకుపోయి తెరుచుకోని కళ్ళు. వేరే వాళ్ళకైతే అది వారం రోజుల జబ్బు. నేతగాడికి అలా కాదు. వెంట్రుకంత పోగు తెగితే కనిపెట్టి అతికేది కళ్ళే కదా. పడుగూ పేకా తప్ప వేరే ఆస్తి లేని ఇళ్ళు ఒక్క కన్ను వాచేసరికి పేకమేడలయ్యాయి.

మాకు నూలిచ్చే షావుకారు, మా మాటలో మొదలాళి, పేరు ఏకాంబరం. ఏకాంబరం అంటే ఒక్క బట్ట గలవాడు. మేడ నిండా బట్టలున్న ఆయన్ని అనేకాంబరం అనాలి. ఒక్క బట్టతో మిగిలింది మేము. పడుగు ఆయన ఇస్తాడు, మగ్గం మాది, లుంగీలు నేసి ఇస్తే కూలి ఇస్తాడు. జబ్బు వచ్చాక ఆయన ఒక కొత్త పద్ధతి పెట్టాడు. పొద్దున అరుగు మీద కుర్చీ వేసుకుని, వీధికి అవతలి పక్కన నేతగాళ్ళను వరసగా నిలబెట్టి, ‘కింది రెప్ప లాగు, పైకి చూడు, పక్కకి చూడు’ అని కళ్ళు పరీక్ష చేసేవాడు. తెల్లగా ఉంటే పడుగు. ఎర్రగా ఉంటే ‘పో పో, ఇంకొక వారం.’ అంతకుముందు కళ్ళెర్ర చేసే హక్కు మొదలాళ్ళది. ఆ ఏడు కళ్ళెర్రబడ్డ నేరం మాది.

మా ఇంట్లో ముందు మా అత్త తిరుమలమ్మకి వచ్చింది. ఆవిడ నాకు మేనత్త కూడా. రెండు వైపులా నా మీద హక్కు గలది. తర్వాత మా ఆయన తణికాచలానికి, ఆయనతో పాటే నాకు. కూతురు కాంచనను ముందే తిరువాలంగాడులో మా అమ్మ దగ్గరికి పంపేశాం. ఆయన కళ్ళ మీద పొద్దునా సాయంత్రం నందివర్ధనం పూలు పెట్టాను. అత్త కళ్ళు కాచిన నీళ్ళతో కడిగాను. నా కళ్ళు ఎర్రబడి నీరు కారుతుంటే అత్త చూసి, ‘పొయ్యి కాడ ఊదబాకమే అంతసేపు, పొగ కొట్టింది’ అన్నది. మగవాడికొస్తే మద్రాస్ ఐ. ఆడదానికొస్తే పొయ్యి పొగ. నా జబ్బు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో లెక్కలో లేదు. వాచిన కళ్ళతోనే రాగి సంకటి కెలికాను, తడుముకుంటూ కండెలకి నూలు చుట్టాను.

ఆయన కళ్ళు మూడో వారానికి గానీ తెల్లబడలేదు. ఈలోగా వీధిలో నిలబడి నాలుగుసార్లు రెప్పలు లాగి చూపించాడు. నాలుగోసారి మొదలాళి అందరి ముందు, ‘ఏమప్పా తణికాచలం, నీ మొహం చూసి మిగతావాళ్ళకి అంటుకునేట్టుండాది, ఈ మలుపు తిరగబాకు’ అన్నాడట. పద్దెనిమిదేళ్ళు ఆయనకి నేసిన మనిషిని. ఇంటికొచ్చి మా ఆయన ఆ మాట చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

కళ్ళు తెల్లబడ్డాక పడుగు దొరికింది. రెండు రోజులు నేశాడు. మూడో రోజు ఒక పోగు తెగింది. ఆయన పొద్దెక్కిన దగ్గర్నించి మిట్టమధ్యాహ్నం దాకా దాన్ని వెతుకుతూ కూర్చున్నాడు. నేను వంగి చూస్తే నాకు వెంటనే కనిపించింది. ఆయన చూపుడువేలి కిందే ఉంది. ‘ఇదుగో మామా’ అన్నాను. ‘కనపళ్ళేదు మే’ అన్నాడు. మగ్గం గుంతలోంచి లేచి మంచం మీద పడుకుని కళ్ళకి గుడ్డ కట్టమన్నాడు.

ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు టార్చిలైటు వేసి, గోడ మీద అక్షరాలు చదివించి, ‘కండ్లు శుభ్రంగా ఉండాయి’ అన్నాడు. నన్ను పక్కకి పిలిచి, ‘ఇది కంటి జబ్బు కాదమ్మా. తిరువళ్ళూరు ఆస్పత్రికి గురువారం గురువారం మద్రాసునించి ఒక డాక్టరమ్మ వస్తుంది, మనసుకి మందిచ్చే డాక్టరు’ అని చీటీ రాసిచ్చాడు. ఇంటికి రాగానే మా అత్త ఆ చీటీని పొయ్యిలో పెట్టింది.

‘కీళ్పాక్కం పిచ్చాసుపత్రి చీటీనా తెచ్చినావు నా కొడుక్కి? పైత్యం పట్టిందంటే వీధిలో తల ఎత్తుకుంటామా? రేపు కాంచనని ఎవురు అడుగుతారు? కండ్ల జబ్బు అని చెప్పు. కండ్ల జబ్బు అందరికీ వస్తాది.’

‘కండ్ల జబ్బు అంటే మొదలాళి పడుగు ఇయ్యడు అత్తా.’

అత్త ఆలోచించింది. ఆవిడ ఆలోచన ఎప్పుడూ నా ఒంటి మీదుగానే పోతుంది.

‘అయితే బాగైపోయింది, నేస్తా ఉండాడని చెప్తాము. నువ్వు నెయ్యి.’

మా ఇంటి ఆడవాళ్ళు మగ్గం గుంతలో కాలు పెట్టకూడదు. రాట్నం తిప్పాలి, కండెలు చుట్టాలి, తెల్లవారుజామున వీధిలో పడుగు చాపి గంజి పెట్టాలి, చిక్కులు తీయాలి. గుంతలో మాత్రం దిగకూడదు. మగ్గంలోనే ‘మగ’ ఉందని మా అత్త వాదన. నేను పుట్టింట్లో పెద్దమనిషి అయ్యేదాకా నేశాను. ఇక్కడికి వచ్చాక ఇరవై రెండేళ్ళు గుంత పక్కన కూర్చుని కండెలు అందించాను. ఆ పనికి పేరు ‘ఊరికే కూర్చోవడం’. ‘నీకేమిమే, ఊరికే కూర్చోని రెండు కండెలు చుడతావు, నడుం విరిగేది నాది’ అని మా ఆయన మంచి మనసుతోనే అనేవాడు. అలాంటి ఇంట్లో మా అత్త ఇప్పుడు, ‘తలుపేసుకోని దిగుమే. ఎవురు చూస్తారు? దేవుడు చూస్తే చూడనీ, ఆయనకీ ఇప్పుడు కండ్లకలకే’ అన్నది. శాస్త్రానికి తలుపూ గడియా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

దిగాను. నేశాను. నేయడం కష్టం కాలేదు. ఆయనలా నేయడం కష్టమైంది. మా వీధిలో మగ్గం మోతను బట్టి ఏ ఇంట్లో ఎవరు కూర్చున్నారో చెప్పేస్తారు. ఆయన కండె ఉన్న నాడె విసిరాక ఒక దెబ్బ వేసి, కొంచెం ఆగి రెండోది వేస్తాడు. తలుపు తట్టి, సందేహించి మళ్ళీ తట్టినట్టు. నాది గబగబా రెండు దెబ్బలు, నా మాటల్లాగే. నా చేతిని ఆయన చేతిగా మార్చుకోవడం నేర్చుకున్నాను. మంచం మీద గుడ్డ కట్టుకుని పడుకున్న ఆయన ఒకరోజు ఉన్నట్టుండి అన్నాడు:

‘రెండో దెబ్బ తొందరపడతా ఉండావు. నేను అట్లా ఎయ్యను.’

నాడె చేతిలో పట్టుకుని ఆగిపోయాను. ఆయన్ని నేను నటిస్తున్నాను, ఆయన పడుకుని తప్పులు దిద్దుతున్నాడు. ఇంట్లో ఇద్దరు తణికాచలాలున్నారు, కన్నియమ్మ ఎక్కడుందో తెలియలేదు.

పొద్దున కట్టు, వంట, కండెలు, తలుపేసుకుని నేత, మధ్యలో బయటికొచ్చి కుళాయి దగ్గర నవ్వులు. నవ్వించకపోతే అనుమానం వస్తుంది కదా. ఎదురింటి మునిలక్ష్మి, ‘ఏమక్కా, అన్న మగ్గం మోగతా ఉండాదే, కండ్లు సరిపోయినాయా?’ అంటే, ‘సరిపోక ఏం చేస్తాయి, నన్ను చూడాలనే భయానికి ఇన్నాళ్ళు మూసుకోనుండె’ అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చి ఆయన కోసం ఇంకో రకం నవ్వులు. కూలి లేకపోతే కూలిపోతామా మామా, మనమేమన్నా మిద్దెలమా, గుడిసెలం, వంగుతాము అంతే, అనేదాన్ని. మొదట్లో పెదవి కొస కదిలేది. తర్వాత అదీ లేదు. ఆయన పెదవి కదలని రోజు నాకు పూట కూలి పోయినట్టుండేది. మంచం కోడు కదిలితే నేత ఆపి చెవులు రిక్కించేదాన్ని. పెరట్లోకి ఆయన తడుముకుంటూ పోతే నేను గుమ్మంలో నిలబడి లెక్కపెట్టేదాన్ని, ఎన్ని అడుగులు పోయాడు, ఎన్ని అడుగులు వచ్చాడు అని. ఆ కాపలా పని ఎవరూ నాకు చెప్పలేదు. ఎవరికీ నేను చెప్పలేదు. ‘మగోడు పని లేకపోతే మనసు విరుగుతాది, నువ్వే ధైర్యం చెప్పాల’ అని అందరూ అన్నారు. ఆ ధైర్యం నేను ఏ కొట్లో అరువు తేవాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఒక తెల్లవారుజామున పెరటి బావిలో చేద వేశాను. నీళ్ళలో నా మొహం కనిపించింది. ఎంత తేలిక అనిపించింది. ఆ మాట అంతే, రెండు ముక్కలు. దాని వెనక ఏమీ లేదు, ఏడుపు లేదు, కోపం లేదు. కాంచన కూడా గుర్తు రాలేదు, అదే నన్ను తర్వాత భయపెట్టింది. చేద నిండి బరువై తాడు లాగితే ఈ లోకంలోకి వచ్చాను. బిందె ఎత్తుకుని ఇంట్లోకి పోయి కట్టు గుడ్డ పిండాను. అంతకుమించి చేయాల్సింది ఏముందో నాకు తెలియలేదు.

నలభై మూడో రోజు బుధవారం. ఆ పొద్దున బట్ట ముగిసింది. బట్ట కోసేటప్పుడు మేము పడుగు మొత్తం కోయం. పోగులు దూరే దువ్వెనలాంటి పన్నెలో జానెడు పొడుగు కొసలు వేలాడేట్టు వదిలేస్తాం. కొత్త పడుగు పోగులు ఆ పాత కొసలకే ఒక్కొక్కటిగా అతికి ముందుకి లాగుతాం. రెండు వేల చిల్లర పోగులు. మా మామగారు వదిలిన కొసలకి మా ఆయన అతికాడు. ఆయన తండ్రి వదిలిన కొసలకి మామగారు అతికాడు. మగ్గం పాతది కావచ్చు, పన్నె మారవచ్చు, కొసలు మాత్రం తెగకూడదు. మా వీధిలో తన కొసలు తానే కోసేసుకున్న నేతగాళ్ళు నా ఎరుకలో ఇద్దరే. ఒకడు మగ్గం అమ్మి మద్రాసు హార్బరులో మూటలు మోయడానికి పోయాడు. రెండోవాణ్ణి మర్నాడు మోసుకుపోయారు, అతని పేరు వాళ్ళ ఇంట్లో ఇప్పటికీ ఎత్తరు.

అత్త బట్ట తీసుకుని మొదలాళి ఇంటికి పోయింది. నేను రేషను కొట్టుకి పోయాను. పావుగంట. అంతకు మించి కాదు. రాగానే గది ఏదోలా కనిపించింది. చీర విప్పిన మనిషిలా మగ్గం. పన్నె ఖాళీగా ఉంది. కొసలన్నీ గుంతలో పడున్నాయి. కళ్ళకి కట్టు ఉండగానే, వేళ్ళతో తడుముతూ, ఒక్క పోగు వదలకుండా, తిన్నగా గీత గీసినట్టు కోశాడు. కత్తెర తుడిచి గూట్లో దాని చోట పెట్టాడు. తాను మంచం మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, స్టేషన్లో రైలు కోసం కూర్చున్నవాడిలా కూర్చున్నాడు.

‘ఏంటికి మామా?’ అన్నాను.

‘నువ్వు ఇంక కష్టపడబళ్ళేదులే’ అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన నాతో అంత మెత్తగా మాట్లాడలేదు. ఆ మెత్తదనానికి భయపడి గూట్లోని కత్తెర తీసి కొంగులో దాచుకున్నాను.

అత్త కొత్త పడుగు చంకన పెట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి మగ్గాన్ని చూసింది. ఆవిడ నేతగాడి కూతురు, నేతగాడి పెళ్ళాం, నేతగాడి తల్లి. ఆ ఖాళీ పన్నె ఏం చెబుతుందో నాకన్నా ఆవిడకే ముందు తెలుసు. పడుగు కింద పెట్టి, గోడకి ఆనుకుని అన్నది:

‘ఎలక కొట్టింది.’

‘అత్తా, ఎలక గీత గీసి కొడతాదా?’

‘ఎలక కొట్టిందంటే కొట్టింది. రెండు దినాలు కూర్చోని మళ్ళా పోగులెక్కించు. ఆడి నెల కృత్తికకి కొండెక్కించి తలనీలాలు ఇప్పిస్తా. మురుగడు చూసుకుంటాడు.’

‘మురుగడు కొండ మీద ఉండాడు అత్తా. బావి పెరట్లో ఉండాది.’

అత్త నా మొహం చూసింది. ఆవిడ కళ్ళు నిండాయి, కానీ నోరు లొంగలేదు. ‘నువ్వు సరిగ్గా ధైర్యం చెప్పుంటే ఇట్లా జరిగేదా? ఊరందర్నీ నవ్విస్తావు, కట్టుకున్నోడిని నవ్వించలేకపోతివి’ అన్నది.

ఆ మాట నా లోపల ఎక్కడో పడింది, చాలా లోతుకి పోయింది, నీటి చప్పుడు వినిపించలేదు. మొదటిసారి నాకు ఒక లెక్క తట్టింది. ఆయన కొసలు ఆయన కోసుకున్నాడు కాబట్టి కనిపించాయి. ఆడదాని మగ్గం ఆడదాని లోపలే ఉంటుంది. నా కొసలు ఎన్ని మిగిలాయో ఎవరు వచ్చి చూస్తారు?

మర్నాడు గురువారం. పొద్దున్నే కట్టు కట్టి, ఆయనకి ఉతికిన చొక్కా వేసి, ‘తిరువళ్ళూరు పోదాం రా మామా’ అన్నాను. ఆయన వద్దనలేదు, సరే అనలేదు. వద్దనే ఓపిక కూడా అయిపోయిన మనిషి. చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించబోతుంటే ఎదురుగా మొదలాళి. నల్ల కూలింగ్ గ్లాసు పెట్టుకున్నాడు. కూలి ఇవ్వనివాడికి కూలింగ్ గ్లాసు ఎందుకా అనుకున్నాను, అలవాటు కొద్దీ. నవ్వు మాత్రం రాలేదు.

‘తిరుమలమ్మా, నిన్న తెచ్చిన బట్ట ఎవురిది?’ అన్నాడు అత్తతో. ‘అంచు తడివి చూసినా. తణికాచలం చెయ్యి కాదది. నా కాడ పద్దెనిమిది ఏండ్ల చెయ్యి నాకు తెలీదా?’

అత్త, ‘కండ్లు ఇంకా రవంత మసకగా ఉండి… ఎలక వేరే కొట్టి…’ అని ఏదో అతకబోయింది. వీధిలో అరుగుల మీదికి జనం వచ్చేశారు. మునిలక్ష్మి బిందె నడుమున పెట్టుకుని నిలబడింది. అందరూ నావైపు చూశారు. కన్నియమ్మ ఏదో ఒకటి అంటుంది, అందరూ నవ్వుతారు, గండం గడుస్తుంది. అది నా ఉద్యోగం. నా నాలుక మీదికి మంచి మాటే వచ్చింది కూడా. మింగేశాను.

‘అయ్యా, ఈయన కండ్లు బాగుండాయి. మనసు బాగలేదు. నెలగా మీకు నేసి ఇచ్చింది నేను.’

మునిలక్ష్మి బిందె కింద దించింది.

‘పైత్యమా?’ అన్నాడు మొదలాళి. గొంతు తగ్గించానని అనుకున్నాడు.

‘మీ కండ్లద్దాల కింద ఏమి కారతా ఉండాదో ముందు తుడుచుకోండయ్యా’ అన్నాను. నల్ల అద్దం అంచున నీటి చుక్క చెంప మీదికి దిగుతోంది. ‘మీకు కండ్లు, ఈయనకి మనసు. రెండూ జబ్బులే. ఈ మలుపు తిరగబాకండని మీకు మేమెవురమూ చెప్పలేదు.’

ఆయన రుమాలు తీశాడు, తుడుచుకున్నాడు. తర్వాత మా అరుగు ఎక్కి, లోపల గుమ్మం పక్కన ఉన్న కొత్త పడుగు తనే చంకన పెట్టుకుని దిగాడు. ‘ఆడది నేసింది నేను అమ్మలేనమ్మా, నా పేరు పోతాది’ అన్నాడు. నెల రోజులుగా అమ్ముతున్నవాడు. పోతున్న పడుగు వైపు చూసి అత్త అరుగు మీద కూలబడి, ‘నోరు కదా, ఇంటి మీద మన్ను పోసే నోరు’ అని రెండు చేతులతో తల కొట్టుకుంది. ఆ వారం మాకు అన్నం ఎక్కడిదో నిజంగానే నాకూ తెలియదు. ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.

నాలుగు ఇళ్ళు దాటేసరికి మునిలక్ష్మి పరుగున వచ్చి, కొంగు ముడి విప్పి బస్సు డబ్బులు నా చేతిలో పెట్టింది.

‘ఆ మోత అన్న చేతిది కాదని మాకు మొదటి దినమే తెలుసక్కా’ అంది.

‘తెలిసి నవ్వితిరా?’

‘నువ్వు నవ్వమంటివి, నవ్వితిమి.’ వెనక్కి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. ‘మా ఇంటాయన కూడా పది దినాలుగా అన్నం ముట్టలేదక్కా. గోడని చూస్తా కూర్చోనుండాడు. అక్కడ చీటీ యాడ రాస్తారో చూసొచ్చి నాకు చెప్పు.’

బస్సులో మా ఆయన కళ్ళకట్టు చూసి ముగ్గురి సీటులో ఇద్దరు లేచిపోయారు. కండక్టరు దూరం నుంచే అరవంలో, ‘మద్రాస్ ఐ వాళ్ళని ఎక్కించుకోను, దిగండి’ అన్నాడు. నేనూ అరవంలోనే, బస్సంతా వినపడేట్టు చెప్పాను. కండ్లు కాదయ్యా, ఈయనకి మనసు బాగలేదు, వైద్యానికి తీసుకుపోతున్నాను, అది ఎవరికీ అంటుకోదు, టిక్కెట్టు ఇవ్వు. ఒక ముసలావిడ ఒళ్ళోని మూట కిందపెట్టి, ‘ఉక్కారుమ్మా’ అని చోటిస్తూ పక్కకి జరిగింది. కండక్టరు టిక్కెట్టు చించాడు. అప్పుడు మా ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

‘మెల్లగా చెప్పుమే, సిగ్గుగా ఉండాది’ అన్నాడు.

సిగ్గుగా ఉందట. నాకు పోయిన వస్తువు దొరికినంత సంబరం వేసింది. సిగ్గు పడేవాడు ఇంకా ఈ ఒడ్డునే ఉన్నాడు.

తిరువళ్ళూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ నా కన్నా చిన్నది, సన్నగా ఉంది. ఆయన్ని ఎన్ని అడిగినా తల వంచుకునే కూర్చున్నాడు. అన్నీ నేనే చెప్పాను. వీధి వరస, రెప్పలు లాగడం, వేలి కింద కనబడని పోగు, ఖాళీ పన్నె. మధ్యలో నా అలవాటు ప్రకారం రెండు చమత్కారాలు కూడా పడ్డాయి. ఆవిడ నవ్వలేదు. రాసుకుంది. ఆయనకి మాత్రలు రాసి, పై గురువారం మళ్ళీ రమ్మంది. ‘ఒంటరిగా వదలకండి. బాగవుతాడు, టైము పడుతుంది’ అంది. ఆ ‘బాగవుతాడు’ని నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. కలం మూత పెడుతూ ఆవిడ నా వైపు తిరిగి అడిగింది.

‘మీరు నిద్రపోతున్నారా అమ్మా?’

నేను నోరు తెరిచాను. నిద్ర మీద నా దగ్గర లేని మాటలా? ఒక్కటీ రాలేదు. నలభై ఒక్కేళ్ళలో నా నిద్ర సంగతి నన్ను అడిగినవాళ్ళు లేరు, ‘ఇంకా లేవలేదా’ అని అడిగినవాళ్ళు తప్ప.

‘లేదు’ అన్నాను. తర్వాత బావి సంగతి చెప్పాను. ఎంత తేలిక అనిపించిందో, ఎవరూ గుర్తు రాలేదని కూడా చెప్పాను. ఈసారి గొంతు పెంచలేదు, మాట అతకలేదు. పక్కనే మా ఆయన తల ఎత్తాడు. ఆయన విన్నాడని తెలుసు. వినాలి కూడా.

డాక్టరమ్మ మూత పెట్టిన కలం మళ్ళీ తెరిచింది. ‘మిమ్మల్ని కూడా చూడాలి. బయట మీ పేరుతో చీటీ రాయించుకుని రండి’ అంది.

‘నాకు పర్వాలేదమ్మా, ముందు ఆయన్ని…’ అని అలవాటుగా సగం లేచాను. సగంలోనే ఆగాను. ఆయన్ని నర్సు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, బయటికి వెళ్ళాను. కిటికీలో గుమాస్తా పేరు అడిగాడు, వయసు అడిగాడు, రాసుకున్నాడు. ‘ఇందాక మీ ఇంటాయనకి రాశాను కదమ్మా, ఇంకొకటి ఎందుకు? మీకేం జబ్బు?’ అన్నాడు.

‘ఆయనకి ఏది రాసినారో అదే రాయండి’ అన్నాను.

చీటీ తీసుకుని ఆడవాళ్ళ వరసలో కొసన నిలబడ్డాను. నా ముందు పద్నాలుగు మంది ఉన్నారు. ఒక్కరినీ నవ్వించలేదు.